కారు, గడువు, నియమం: ఫాస్ట్‌ఫుడ్ సంస్థల పరిమితకాల వంటకాలు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఫాస్ట్‌ఫుడ్ సంస్థలు కొద్దివారాలు మాత్రమే అమ్మి ఉపసంహరించే కొత్త వంటకాలను సాధారణంగా కొరతను సృష్టించే వ్యాపారయుక్తిగా వివరిస్తారు. ఆ వివరణ నిజమే గాని అసంపూర్ణం. తినేవారికి కూడా తమవైన కాలనియమాలు, ఆహారనియమాలు ఉంటాయి. అమ్మేవారి గడువు, తినేవారి నియమం కలిసినచోట ఏం జరిగింది, విడిపోయినచోట ఏం జరిగింది అన్న విషయాన్ని 1962 నాటి సిన్సినాటి చేప బర్గర్, 2020–22 నాటి మెక్సికన్ పిజ్జా ఉదంతాల ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ఆహారసంస్కృతి, ఫాస్ట్‌ఫుడ్, కారు, గడువు, ఆహారనియమం, ప్రవాస తెలుగువారు.

1. ఉపోద్ఘాతం

ఏటా జూన్ 8వ తేదీ ప్రాంతంలో మృగశిర కార్తె ప్రవేశిస్తుంది. ఆ రోజు చేప తినడం తెలంగాణలో ఆచారం. హైదరాబాదు రాంనగర్ చేపల మార్కెట్టు ఆనాడు కిటకిటలాడుతుంది. ధర పెరుగుతుంది. మామూలు రోజుల్లో చేప జోలికి పెద్దగా పోనివారు కూడా ఒక ముక్కైనా నోట వేసుకోవాలని చూస్తారు. రోహిణి ఎండలు తగ్గి తొలకరి మొదలయ్యే వేళ ఒంటికి వేడి అవసరమన్నది పెద్దలు చెప్పే కారణం. రెండు రోజులు గడిచేసరికి ఆ రద్దీ కనిపించదు. చేప అదే, చెరువు అదే. మారింది రోజు ఒక్కటే.

రోజు మారితే తిండి విలువ మారుతుందన్న ఈ అనుభవాన్ని బహుళజాతి ఆహారసంస్థలు గత అరవై ఏళ్లలో ఒక పద్ధతిగా మలచుకున్నాయి. ఒక కొత్త బర్గరునో పానీయాన్నో కొద్దివారాలు అమ్మి, తరువాత పట్టికనుంచి తొలగిస్తారు. ‘పరిమితకాలం మాత్రమే’ అన్న ప్రకటన దానికి తోడుగా వస్తుంది. ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. తెలుగు ఊళ్లలో ‘ఫాస్ట్‌ఫుడ్’ అంటే సాయంత్రం వీధిమలుపులో వెలిసే నూడుల్స్, ఫ్రైడ్‌రైస్, గోబీ మంచూరియా బండి అనే అర్థం స్థిరపడింది. ఆ బండికి పరిమితకాల వంటకాలు లేవు. అడిగితే అడిగినట్టు చేసిపెట్టేవానికి వాటి అవసరమూ లేదు. ఈ వ్యాసంలో ఆ పదం ఒకే పట్టికతో వేల దుకాణాలు నడిపే గొలుసుసంస్థలకు మాత్రమే వర్తిస్తుంది.

2. కారు – గడువు

తెలుగులో తిండికీ కాలానికీ గల సంబంధాన్ని చెప్పే మాటలు చాలా ఉన్నాయి. వానకారు, ఎండకారు అనడంలోని ‘కారు’ ఋతువును సూచిస్తుంది. వేపపూత లేనిదే ఉగాది పచ్చడి లేదు. గోదావరికి ఎర్రనీరు రానిదే పులస ఎదురీదదు. ఎండలు ముదిరితేనే తాటిముంజె దొరుకుతుంది. అట్లతద్ది అట్లకు, వినాయక చవితి ఉండ్రాళ్లకు ప్రకృతి పెట్టిన హద్దు లేదు. బియ్యం ఏడాది పొడుగునా ఉంటాయి. అయినా ఆ రోజున వాటికి వచ్చే ప్రాధాన్యం వేరు. అక్కడ హద్దు పెట్టింది పంచాంగం. ఈ రెండు విధాల హద్దులలోనూ ఒక సమానలక్షణం ఉంది: ఆ హద్దుకు యజమాని ఎవరూ లేరు. పులసను ఇంకో నెల అమ్ముదామని ఏ వ్యాపారీ నిర్ణయించలేడు.

‘గడువు’ అలాంటిది కాదు. గడవడం అనే క్రియతో బంధుత్వమున్న ఈ మాట అప్పుకు, శిస్తుకు, దరఖాస్తుకు వర్తిస్తుంది. గడువు పెట్టేవాడు ఒకడుంటాడు, దానికి లోబడేవాడు మరొకడుంటాడు. పెట్టినవాడే దాన్ని పొడిగించవచ్చు, రద్దు చేయవచ్చు. ఫాస్ట్‌ఫుడ్ సంస్థల పరిమితకాల వంటకాలకు ‘గడువు వంటకాలు’ అన్న పేరు సరిపోవడం ఇందువల్లనే.

గడువు వంటకం తనను కారు వంటకంగా చూపుకోవడానికి ప్రయత్నిస్తుంది. మెక్‌డొనాల్డ్స్ సంస్థ 1970లో అమెరికాలో సెయింట్ పాట్రిక్ పండుగను ఆనుకొని ఆకుపచ్చని షామ్‌రాక్ షేక్‌ను ప్రవేశపెట్టింది. జపానులో అదే సంస్థ 1991 నుంచి శరత్కాలంలో త్సుకిమి బర్గర్ అమ్ముతోంది. త్సుకిమి అంటే చంద్రదర్శనం. మాంసపు బిళ్లపై ఉంచిన గుండ్రని గుడ్డు అక్కడ పున్నమి చంద్రుడు. స్టార్‌బక్స్ 2003లో పరీక్షించి మరుసటి ఏడాది విస్తరించిన పంప్‌కిన్ స్పైస్ లాటే ఇంకా విచిత్రమైన ఉదాహరణ. అమెరికా శరత్తుకు గుమ్మడికాయ గుర్తు. ఆ కాయ పేరు పెట్టుకున్న పానీయంలో 2015 వరకు గుమ్మడి లేదు; దాల్చినచెక్క, జాజికాయ, లవంగం వంటి మసాలాల వాసన మాత్రమే ఉండేది. పంట లేకుండానే పంటకాలాన్ని అమ్మడం అంటే ఇదే.

కారుతో పనిలేదని బాహాటంగా ఒప్పుకున్న వంటకం మెక్‌రిబ్. పక్కటెముకల ఆకారంలో అచ్చుపోసిన పందిమాంసపు బిళ్లతో ఇది 1981లో వచ్చింది, 1985లో పోయింది, తరువాత పలుమార్లు వచ్చిపోయింది. 2005లో దీనికి ‘వీడ్కోలు యాత్ర’ ప్రకటించారు. 2006లో మళ్లీ ఒక వీడ్కోలు, 2007లో ఇంకొకటి. పందిమాంసం ధర తగ్గినప్పుడల్లా ఇది తిరిగి వస్తుందని ఒక వాదం 2011లో ప్రచారంలోకి వచ్చింది. నిరూపణ సంగతి ఎలా ఉన్నా, ఆ వాదం పుట్టడమే ఆసక్తికరం. గడువు వెనుక తమకు తెలియని లెక్క ఏదో ఉందని తినేవారు అనుమానించారు.

రంజాన్ హలీమ్ ఈ రెంటికీ నడుమ నిలుస్తుంది. గోధుమ, మాంసం, నెయ్యి గంటల తరబడి ఉడికించి మెదిపే ఈ వంటకం ఉపవాసదీక్ష విరమించేవారి కోసం ఏర్పడింది. హైదరాబాదీ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. నేడు దీన్ని అన్ని మతాలవారూ వరుసలో నిలబడి కొంటున్నారు, ఇతర నగరాలకు పంపుతున్నారు. వ్యాపారం ఎంత పెరిగినా దీని ఆరంభాన్ని మాత్రం ఇప్పటికీ నెలవంకే నిర్ణయిస్తుంది.

3. కొరత పెంచేది కోరికనా, రుచినా?

కొత్త తిండి విషయంలో మనిషికి ఆకర్షణ, భయం రెండూ ఉంటాయి. అన్నీ తినగల ప్రాణి ఏది తినాలో తేల్చుకోవలసి వస్తుంది. కొత్తది పోషించవచ్చు, విషమూ కావచ్చు. మనస్తత్వశాస్త్రవేత్త పాల్ రోజిన్ 1976లో ఈ ఇరకాటాన్ని ప్రతిపాదించాడు. 1992లో పాట్రీషియా ప్లైనర్, కరెన్ హాబ్డెన్ కొత్త తిండిపట్ల వెనుకంజను కొలవడానికి పది వాక్యాల కొలమానాన్ని రూపొందించారు. తెలుగు సామెతలు ఈ రెండు కొసలనూ ముందే పట్టుకున్నాయి. ‘కొత్తొక వింత, పాతొక రోత’ అన్నది ఒక కొస. ‘పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి’ అన్నది అందరి కొత్తా ఒకటి కాదన్న హెచ్చరిక. ఒకే వంట పదేపదే తింటే ‘మొహం మొత్తడం’ అనే మాటకు సమానమైనంత కచ్చితమైన పదం శాస్త్రపరిభాషలో కూడా అరుదు.

గడువు వంటకం ఈ ఇరకాటాన్ని తేలిక చేస్తుంది. గుమ్మం తెలిసినదే, ధర తెలిసినదే, రొట్టె, జున్ను, సాస్ ఇదివరకు తిన్నవే. కొత్తది వాటి కూర్పు మాత్రమే. అమ్మేవారికీ ఇదే లాభం. వంటగదిలో ఉన్న సరుకుకు ఒక్కటి జోడించి కొత్త పేరు పెడితే సరిపోతుంది. అది నిలవకపోతే గడువు ముగిసిందంటారు. విఫలమైందన్న మాట రాదు. నిలిస్తే శాశ్వతం చేస్తారు. చిప్స్ రుచిగల పెంకుతో టాకో బెల్ 2012 మార్చిలో తెచ్చిన డొరిటోస్ లోకోస్ టాకో పది వారాల్లోనే పది కోట్లు అమ్ముడైంది. గడువు ఒక విధంగా నలుగురి నోళ్లమీద జరిపే పరీక్ష.

అయితే కొరత రుచిని పెంచుతుందా? 1975లో స్టీఫెన్ వర్చెల్, అతని సహచరులు చేసిన ప్రయోగం ఇక్కడ స్మరణీయం. ఒక సీసాలో పది బిస్కెట్లు, మరొక సీసాలో రెండు ఉంచి రుచి చూపించారు. రెండు ఉన్న సీసాలోని బిస్కెట్టు మరింత కోరదగినదిగా, ఖరీదైనదిగా తోచింది. మొదట పది ఉండి తరువాత రెండుకు తగ్గినప్పుడు, ఇతరులు కోరడం వల్ల తగ్గిందని చెప్పినప్పుడు ఆ విలువ ఇంకా పెరిగింది. రాబర్ట్ చల్దీని 1984 నాటి తన ‘ఇన్‌ఫ్లుయెన్స్’ గ్రంథంలో దీన్ని వివరిస్తూ ఒక ముఖ్యాంశాన్ని ఎత్తిచూపాడు: కోరిక పెరిగిందే గాని, రుచి బాగుందని ఎవరూ ఎక్కువ మార్కులు వేయలేదు. పరిమితకాల వంటకాన్ని కొని, ‘ఇంతేనా’ అనుకున్నవారి నిరాశకు కారణం ఇందులో దొరుకుతుంది.

ప్రామాణిక వివరణ ఇక్కడితో ఆగుతుంది. ఈ ప్రయోగాలన్నీ ఎదుట ఉన్నదాన్ని తినగలిగినవారిని ఉద్దేశించినవి. ఎదుట ఉన్నా తినకూడనివారి సంగతి వాటిలో లేదు.

4. సిన్సినాటిలో ఒక గుడ్‌ఫ్రైడే

అమెరికా ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి శివారు మాన్‌ఫర్ట్ హైట్స్‌లో 1959లో లూ గ్రోయెన్ అనే వ్యాపారి మెక్‌డొనాల్డ్స్ దుకాణం తెరిచాడు. ఆ ప్రాంతంలో అత్యధికులు రోమన్ క్యాథలిక్కులు. ఆనాటి నియమం ప్రకారం వారు తపస్సు కాలంలోనే కాక ఏడాది పొడుగునా శుక్రవారాలు మాంసం ముట్టేవారు కాదు. ఈ సార్వకాలిక నిషేధాన్ని అమెరికా బిషప్పులు సడలించింది 1966లో. మాంసపు బర్గరు తప్ప చెప్పుకోదగ్గది లేని దుకాణానికి శుక్రవారం గండంగా మారింది.

గ్రోయెన్ చేపముక్కతో బర్గరు చేసి సంస్థ అధిపతి రే క్రాక్ ముందుంచాడు. దుకాణాల్లో చేప వాసన రావడం క్రాక్‌కు ఇష్టం లేదు. ఆయన దగ్గర మరొక ఆలోచన ఉంది: రొట్టె నడుమ కాల్చిన అనాసముక్క, దానిపై జున్ను. పేరు హూలా బర్గర్. నిజానికి రెండింటిలో వింత అయినది ఇదే. 1962 గుడ్‌ఫ్రైడే నాడు రెండింటినీ అమ్మి, ఏది నెగ్గితే అది ఉంచాలన్న ఒప్పందం కుదిరింది. గ్రోయెన్ తరువాత చెప్పిన లెక్క ప్రకారం చేప బర్గర్లు 350, అనాస బర్గర్లు 6 అమ్ముడయ్యాయి. ఫిలే-ఓ-ఫిష్ పేరుతో అది 1965లో దేశమంతటికీ వెళ్లింది, నేటికీ ఉంది.

హూలా బర్గర్‌లో మాంసం లేదు కనుక అదీ నియమానికి లోబడినదే. అయినా ఓడింది. శుక్రవారం చేప తినే అలవాటు ఆ ఇళ్లలో తరతరాలుగా ఉంది. గ్రోయెన్ వారికి తమ ఇంటి శుక్రవారాన్నే బర్గరు రూపంలో ఇచ్చాడు. క్రాక్ ఇచ్చింది వింతను. మృగశిర కార్తె నాటి చేపకు ఈ చేపకు మతం వేరు, దేశం వేరు, కారణం వేరు. కాలపు హద్దును తెచ్చింది తినేవారే కావడం మాత్రం రెండుచోట్లా ఒక్కటే.

5. చవిచూడలేని చోటు

కొత్తదాన్ని చవిచూడమని చెప్పడంలో ఒక నమ్మకం ఇమిడి ఉంది: నచ్చకపోతే పోయేది కాస్త డబ్బు. ఆహారనియమం పాటించేవారికి నష్టం డబ్బుతో తీరేది కాదు. నియమభంగం జరిగిన తరువాత ఆ ముద్దను వెనక్కి తీసుకోవడానికి వీలులేదు.

మెక్‌డొనాల్డ్స్ 1990లో అమెరికాలో తన ఆలుగడ్డ వేపుళ్లకు పూర్తిగా వృక్షసంబంధమైన నూనె వాడుతున్నామని ప్రకటించింది. శాకాహారులు, వారిలో ఎందరో హిందువులు, వాటిని నిశ్చింతగా తిన్నారు. ఆలుగడ్డలను తయారుచేసే దశలో గొడ్డుమాంసపు సారంతో కూడిన రుచిద్రవ్యం కలుపుతున్నారన్న సంగతి తరువాత వెల్లడైంది. 2001లో సియాటిల్‌లో దావా పడింది. సంస్థ 2002లో క్షమాపణ చెప్పి, హిందూ, శాకాహార, ఇతర మతసంస్థలకు కోటి డాలర్లు ఇవ్వడానికి అంగీకరించింది. భారతదేశంలోని వేపుళ్లలో ఆ ద్రవ్యం లేదని సంస్థ చెప్పినా, ఇక్కడా నిరసనలు జరిగాయి.

ఈ ఉదంతాన్ని దృష్టిలో ఉంచుకుంటే ప్రవాస శాకాహారి పట్టికను చదివే తీరు అర్థమవుతుంది. వారాంతపు ప్రయాణంలో రహదారి పక్కన ఆగిన కుటుంబానికి అక్కడి కొత్త వంటకం ఆకర్షణ కాదు. దానిలో ఏముందో అడగాలి, అడిగినది వడ్డించేవారికి అర్థం కావాలి, వారి జవాబు నిజం కావాలి. వారికి ఒకసారి తేల్చుకున్న పాత వంటకమే విలువైనది. ‘పాతొక రోత’ అన్న మాట ఇక్కడ చెల్లదు.

6. మెక్సికన్ పిజ్జా: తొలగింపు, పునరాగమనం

టాకో బెల్ 1985లో ‘పిజాజ్ పిజ్జా’ పేరుతో ఒక వంటకం తెచ్చింది. కరకరలాడే రెండు గోధుమ రొట్టెల నడుమ చిక్కుడుగింజల ముద్ద, గొడ్డుమాంసపు ఖీమా. పైన సాస్, కరిగిన జున్ను, టమాటా ముక్కలు. 1988లో పేరు మెక్సికన్ పిజ్జాగా మారింది. అది మెక్సికోది కాదు, పిజ్జా కూడా కాదు. మాంసం బదులు గింజల ముద్ద వేయమంటే చాలు, మొత్తం శాకాహారమవుతుంది. గింజల ముద్దలో పందికొవ్వు లేదు. కారం సాస్ పొట్లాలు ఎన్నైనా అడగవచ్చు. అప్పడం వంటి కరకర, పప్పు వంటి మెత్తదనం, పైన కారం: ఈ కూర్పు దక్షిణాసియా నాలుకకు పరాయిది కాలేదు. అమెరికాలోని భారతీయ కుటుంబాలు దీన్ని తమ ఇంటి వంటకాల జాబితాలో చేర్చుకున్నాయి. సంస్థ ప్రచారం వల్ల జరిగింది కాదిది. ఒక ఇల్లు మరో ఇంటికి చెప్పుకోవడం వల్ల జరిగింది. 2010–2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 86 శాతం పెరిగిందన్న గణన ప్రసిద్ధమే. ఆ పెరుగుదల కాలంలో చేరినవారికి ఈ కబురు అందే ఉంటుంది.

2020లో టాకో బెల్ పట్టికను కుదించింది. ఆగస్టులో ఆలుగడ్డ వంటకాలు, నవంబరు 5న మెక్సికన్ పిజ్జా పోయాయి. దీని అట్టపెట్టెల వల్ల అమెరికాలో ఏటా 70 లక్షల పౌన్లకు పైగా అట్ట ఖర్చవుతోందన్నది సంస్థ చెప్పిన కారణాల్లో ఒకటి. పర్యావరణ కారణాన్ని కొట్టిపారేయలేం. అయితే ఆ పట్టికలో వరుసగా పోయినవి ఎవరి వంటకాలో గమనించినవారు గమనించారు. మాంసం తినేవారికి ఒక వంటకం పోతే ఇంకో పది ఉన్నాయి. శాకాహారికి అలా కాదు.

భారతీయ సంతతి యువకుడొకరు ఆరంభించిన ఆన్‌లైన్ వినతిపత్రంపై 1,70,000 మందికి పైగా సంతకాలు చేశారు. ఆలుగడ్డ 2021 మార్చిలో తిరిగి వచ్చింది. పిజ్జా పునరాగమనాన్ని గాయని డోజా క్యాట్ 2022 ఏప్రిల్‌లో కోచెల్లా వేదికపై ప్రకటించింది. మే 19న అమ్మకం మొదలైంది. మునుపటికంటే ఏడు రెట్లు గిరాకీ వచ్చిందని సంస్థ చెప్పింది. కొద్దివారాలకే సరుకు నిండుకుంది. సెప్టెంబరు 15న మళ్లీ వచ్చి శాశ్వత పట్టికలో చేరింది.

సంస్థ ఉద్దేశించిందో లేదో గాని, వర్చెల్ సీసాలో పది బిస్కెట్లు రెండుకు తగ్గిన సన్నివేశమే ఇక్కడ దేశవ్యాప్తంగా జరిగింది. ఏడు రెట్ల గిరాకీలో ఆ కొరత పాలు తప్పక ఉంది. కాని సంతకాలు చేసినవారు, తరువాత మాట్లాడినవారు కొరతను గురించి కాక బాల్యాన్ని గురించి, అమ్మానాన్నలను గురించి, తాము బయట తినగలిగిన తొలి వంటకాన్ని గురించి చెప్పారు. గడువు పెట్టే అధికారం తమది కాదని వారికి అంతవరకు తట్టలేదు. ముప్పై ఏళ్లకు పైగా ఉన్నది ఎప్పుడూ ఉంటుందనుకున్నారు.

7. తెలుగునాట: నెల రోజుల శాకాహారం

ప్రవాసంలో శాకాహారం ఇంత ప్రధానమైనా, తెలుగువారు శాకాహారులన్న అపోహకు తావివ్వకూడదు. 2014 నాటి నమూనా నమోదు పద్ధతి సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్లు దాటినవారిలో 98 శాతానికి పైగా మాంసాహారులే. ఆంధ్రప్రదేశ్ లెక్క కూడా దాదాపు అంతే. కాని ఆ 98 శాతంలో ఎందరికో శనివారం ఉంది, శ్రావణం ఉంది, కార్తీకం ఉంది, అయ్యప్ప దీక్ష ఉంది. ఇక్కడ శాకాహారమే పరిమితకాలానిది. కార్తీకంలో కోడిమాంసం ధర తగ్గడం ఏటా వార్తలలో కనిపించే విషయం. గ్రోయెన్‌కు వారానికొకసారి వచ్చిన గండం ఇక్కడ నెల పొడుగునా ఉంటుంది.

1996 అక్టోబరులో ఢిల్లీలో తొలి దుకాణం తెరిచిన మెక్‌డొనాల్డ్స్ గొడ్డుమాంసం, పందిమాంసం లేకుండానే ఆరంభించింది. శాకాహారానికి వేరుగా వంటచోటు, గుడ్డు లేని మయొనైజ్ ఏర్పాటుచేసింది. డామినోస్ ఉత్తరాదిన ఎంపికచేసిన దుకాణాలను నవరాత్రులలో పూర్తి శాకాహారంగా నడిపింది. వీటన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ఒక చిన్న గుర్తు: చతురస్రంలో ఆకుపచ్చని చుక్క. ప్యాకెట్లపై చట్టం విధించిన ఈ గుర్తు భోజనశాలల పట్టికల్లోకీ వచ్చింది. మాంసాహారపు గోధుమరంగు చుక్కను 2020 నాటి నిబంధనలు త్రికోణంగా మార్చాయి. రంగు గుర్తించలేనివారికి ఆకారం తోడ్పడుతుంది. అమెరికాలోని కుటుంబం నలుగురిని అడిగి తేల్చుకోవలసిన సంగతిని ఇక్కడ కన్ను ఒక్కక్షణంలో తేలుస్తుంది. అందువల్ల ఈ దేశంలో శాకాహారికి కొత్త వంటకాన్ని రుచిచూడడం సాధ్యమైంది.

ఇక్కడి గొలుసుసంస్థలు గడువు వంటకాన్ని తరచుగా జంటగా విడుదల చేయడం ఇందుకు అనుగుణమే. ఒకే పేరు, ఒకే సాస్, ఒకే పొట్లం. ఒకదానిలో ఆలుగడ్డ లేదా పనీర్, మరొకదానిలో కోడి. కార్తీక సోమవారం నాడు ఆకుపచ్చ చుక్క ఉన్న వరుసను వేలితో చూపినవ్యక్తి, పోలి పాడ్యమి దాటాక వచ్చి త్రికోణం ఉన్న వరుసను చూపుతాడు. ఆలోగా ఆ బర్గరు గడువు ముగిసి ఉంటే, కౌంటరులో ఉన్న కుర్రవాడు తరువాతి దాని బొమ్మ చూపిస్తాడు.